గూర్ఖా సిపాయి అడిగిన బాతుల ఫోటో

ఆ సిపాయి మొదటిసారి దవాఖానకు వచ్చినప్పుడు నేను లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను.

అతను చేసిన తప్పేమీ లేదు. అప్పటికి మాకు ఖాకీ బట్టలంటేనే గుండె దడ. ముందటేడంతా రజాకార్లు వస్తున్నారన్న మాట వినబడితే చాలు, మూటలు నెత్తిన పెట్టుకుని జొన్నచేలల్లోకి ఉరికినవాళ్లం. పోలీసు చర్య జరిగి యూనియన్ మిలిటరీ వచ్చాక రజాకార్ల పీడ పోయింది. కానీ మిలిటరీ మాత్రం పోలేదు. కమ్యూనిస్టుల సంఘం దళాలు ఇంకా గుట్టల్లో తిరుగుతున్నాయని ఊరూరా సోదాలు చేస్తున్నారు. మా చెరువు కట్టకు అవతల డేరాలు వేసుకుని గూర్ఖా సిపాయిలు దిగారు. మిలిటరీ వాళ్లతో మాట్లాడితే దళం వాళ్లు ఏమనుకుంటారో, దళం వాళ్లకు అన్నం పెడితే మిలిటరీ వాళ్లు ఏం చేస్తారో అని ఊరంతా నోరు కట్టుకుని బతుకుతున్న రోజులు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. మాది క్రైస్తవ కుటుంబం. మా బాపు ఇబ్రహీంపట్నం పెద్దచెరువుకు నీరటి. తూము తెరవడం, మూయడం, ఎవరి మడికి ఎంత నీళ్లు పారాలో చూసుకోవడం ఆయన పని. నేను మిషన్ బడిలో చదువుకుని, మిషన్ వాళ్లదే చిన్న దవాఖానలో పుండ్లు కడిగి కట్లు కట్టే పని నేర్చుకున్నాను. డాక్టరు దొరసాని గడబిడలు మొదలు కాకముందే తన దేశం వెళ్లిపోయింది. ముసలి కాంపౌండరు, నేను మిగిలాం.

ఆ కాంపౌండరు వచ్చి తలుపు కొట్టాడు. "బిడ్డా, పిల్లగాని మడమ చీము పట్టింది. వచ్చి కడుగు. కాలికి ఖాకీ లేదు గద, ఎందుకు బుగులు?"

నిజమే, కాలికి ఖాకీ లేదు. పొట్టిగా, గుండ్రటి మొహంతో ఉన్న ఆ సిపాయి బూటు చేత్తో పట్టుకుని బల్లమీద కూర్చున్నాడు. నాకంటే రెండు మూడేళ్లు పెద్దవాడేమో. నేను మడమ కడుగుతుంటే పళ్లు బిగబట్టి గోడమీది క్యాలెండరు వైపు చూస్తూ ఉండిపోయాడు. సగం కట్టు కట్టానో లేదో, దవాఖాన కప్పు మీదుగా బాతుల గుంపు అరుచుకుంటూ పోయింది. రోజూ పోయేవే. నేను తలెత్తలేదు. ఆ సిపాయి మాత్రం ఉలిక్కిపడి లేచి, కట్టు గుడ్డ తోకలా వేలాడుతుంటే ఒంటికాలి మీద గెంతుకుంటూ బయటికి పోయాడు. వెనకాల గుడ్డ చుట్ట పట్టుకుని నేనూ పోవలసి వచ్చింది.

వాకిట్లో నిలబడి నోరు తెరుచుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. "అవి ఎక్కడికి పోతున్నాయి?" అని అడిగాడు. అతని హిందుస్తానీ మాకు సగం తెలిసేది, సగం చేతులతో చెప్పేవాడు.

"చెరువుకు," అన్నాను.

"దిగుతాయా? నేల మీద దిగుతాయా?"

"దిగకపోతే ఎట్ల బతుకుతయ్?" అన్నాను. నాకు నవ్వు వచ్చింది. బుగులు సగం తగ్గింది.

మళ్లీ కట్టు కడుతుంటే చెప్పాడు. అతని ఊరు నేపాల్ కొండల్లో ఉంది. ప్రతి ఏడూ చలి పోయి కొత్త చిగుళ్లు వచ్చే వేళకు ఈ పక్షులు దక్షిణం నుంచి వచ్చి వాళ్ల లోయ మీదుగా, మంచు శిఖరాలు దాటి పోతాయట. చాలా ఎత్తున పోతాయి. అరుపు వినిపిస్తుంది, నీలి ఆకాశంలో దారపు పోగులా ఒక గీత కనిపిస్తుంది, అంతే. ఆ అరుపు వింటే ఊరి ఆడవాళ్లంతా చేతిలో పని వదిలేసి బయటికి వస్తారట. వాళ్లమ్మ పుట్టినప్పటి నుంచి వాటిని వింటూనే ఉంది. కానీ ఆ పక్షి మొహం ఎలా ఉంటుందో వాళ్ల ఊళ్లో చూసినవాళ్లు లేరు.

"మొహమా?" అన్నాను. అదేం పెద్ద విశేషమో నాకు అర్థం కాలేదు. బూడిద రంగు ఒళ్లు, తెల్లటి తల, తల వెనక రెండు నల్ల చారలు. పసుపు ముక్కు. మాకు కాకులెంతో అవీ అంతే. ఇంకా చెప్పాలంటే కాకులే నయం. చెరువు నీళ్లు తగ్గేకొద్దీ బయటపడే శికం నేలలో మా అమ్మ పెసర వేసేది. మొలకెత్తిన పెసరను ఈ బాతులు దుక్కి దున్నినట్టు తినేసేవి. అమ్మ ఖాళీ డబ్బా ఒకటి, కట్టె ఒకటి పట్టుకుని వాటి వెంట పడుతూ అనని మాట లేదు.

మూడోసారి కట్టు మార్చుకోవడానికి వచ్చినప్పుడు అతను అల్మారాలో ఉన్న డబ్బా కెమెరా చూశాడు. అది దొరసాని వెళ్తూ వెళ్తూ నాకిచ్చింది. పొట్టకు ఆనించి పట్టుకుని, పైన చిన్న అద్దంలోకి తొంగిచూసి, ఊపిరి బిగబట్టి మీట నొక్కాలి. వెనక ఎర్రటి చిన్న కిటికీలో ఎన్నో ఫోటోనో అంకె కనబడుతుంది. అందులో ఇంకా ఐదు ఫోటోలు మిగిలి ఉన్న రీలు ఉంది. ఊళ్లో ఇంకో రీలు దొరికే మాటే లేదు కాబట్టి ఎప్పటికైనా ఏదైనా పెళ్లికి పనికొస్తుందని దాచుకున్నాను.

"బహినీ," అన్నాడు సిపాయి. వాళ్ల భాషలో చెల్లె అని. "ఆ బాతు మొహం ఒక్కటి తీసిస్తావా? మా అమ్మకు పంపుతాను."

ఇంట్లో ఈ మాట చెప్పేసరికి బాపు అన్నం ముద్ద కంచంలోనే వదిలేశాడు. "మిల్ట్రోనితోని చెరువు కాడ తిరిగితే ఏమనుకుంటరే? మనం వాళ్లకు ఖబర్లు మోస్తున్నమంటే ఎవరొచ్చి అడ్డం పడ్తరు?"

"వాడు అడిగింది బాతు బొమ్మనే గద," అంది అమ్మ.

"గది నీకు తెలుసు, నాకు తెలుసు. గుట్టల మీదున్నోళ్లకు తెలుసా?"

చాలాసేపు ఆలోచించి బాపే ఒక ఉపాయం చెప్పాడు. దాచిపెడితేనే అనుమానం, అందరికీ చెప్పి, పట్టపగలు, అందరూ చూస్తుండగా చేస్తే ఎవరేమంటారు? మర్నాడు బాపు తూము దగ్గరికి నీళ్ల కోసం వచ్చిన ప్రతి రైతుకూ చెప్పాడు. గూర్ఖా పిల్లగాడు వాళ్లమ్మకు బాతుల ఫోటో పంపాలంటున్నాడు, మా బిడ్డ తీస్తుంది, మీరూ వచ్చి చూడండి అని. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. గుట్టల దాకా కూడా చేరే ఉంటుంది. ఎవరూ ఏమీ అనలేదు. సిపాయి వాళ్ల ఆఫీసరును అడిగి వచ్చాడు. డేరాలు ఫోటోలో పడకూడదని మాత్రం చెప్పాడట.

మోదుగలు విరగబూసిన రోజులు. కట్ట కింద చెట్లన్నీ ఆకు లేకుండా ఎర్రగా మండుతున్నాయి. మొదటిరోజు పొద్దున్నే నేను, బాపు, సిపాయి కట్ట దిగి శికంలోకి నడిచాం. కట్టమీద జనం వరసగా కూర్చున్నారు, జాతరకు వచ్చినట్టు. నీళ్ల అంచున బాతులు వందల్లో ఉన్నాయి. కొన్ని ఒంటికాలి మీద నిద్రపోతున్నాయి, కొన్ని గడ్డి కొరుకుతున్నాయి. సిపాయి కాలు నయమైనందుకు కొత్తగా మెరుగుపెట్టిన బూట్లు వేసుకుని వచ్చాడు. ఇంకా కేకవేసే దూరం ఉందనగానే వాటిలో ఒకటి మెడ నిక్కించింది. తర్వాత అన్నీ నిక్కించాయి. తర్వాత అన్నీ ఒక్కసారి లేచాయి. నేను కంగారులో మీట నొక్కేశాను. కట్టమీది వాళ్లంతా ఓ అని నవ్వారు.

"ఒకటి పోయింది," అన్నాను.

"ఫికర్ జెయ్యకు," అన్నాడు బాపు, నాకో సిపాయికో తెలియదు.

ఇంటికి వచ్చాక అమ్మ మా ముగ్గురి మొహాలు చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "దినాం వాటి ఎంట ఉరికేది నేను. నన్నడగరు! మనిషిని చూస్తే ఎగురుతయ్ గని, బర్రె పోతే జరంత పక్కకు కూడ జరుగయ్. బర్రె ఎనుక పోండ్రి."

సిపాయికి నేను చెప్పి వివరించేసరికి అతను అమ్మ కాళ్లకు దండం పెట్టాడు. "ఆమా!" అన్నాడు. వాళ్ల భాషలో అమ్మనే అలా అంటారు. ఆ మాటకు అమ్మ కరిగిపోయింది. "అమ్మ అంటుండు సూడు, మనోని లెక్కనే ఉండు," అని అతని చేతిలో ఒక జొన్నరొట్టె పెట్టింది.

మర్నాడు అమ్మ కూడా బయల్దేరింది. సిపాయి బూట్లు విప్పించి కట్టమీదే పెట్టించింది. బాపు నల్లగొంగడి ఒకటి అతనికి, ఇంకొకటి నాకు కప్పింది. బాపు బర్రెను ముందు నడిపిస్తూ, బర్రె పక్కన వంగి నేను, నా వెనక సిపాయి. గొంగడిలో అతనికి ముచ్చెమటలు పోశాయి. ఆ కొండల మనిషికి మా ఫాల్గుణ మాసపు పొద్దుటి ఎండే వడదెబ్బలా ఉంది. అయినా గొంగడి తీయలేదు. బర్రె ఆగినచోట ఆగాం. అది గడ్డి మేస్తే మేమూ మేస్తున్నట్టే వంగాం.

బాతులు మమ్మల్ని పట్టించుకోలేదు. అమ్మ మాట నిజం. దగ్గరికి, ఇంకా దగ్గరికి పోయాం. వాటి ముక్కుల కింద గడ్డి తెగుతున్న చప్పుడు వినబడే దూరం వచ్చింది. అంతలో బర్రెకు నీళ్లు కనబడ్డాయి. అది మమ్మల్ని వదిలేసి తాపీగా బురదలోకి దిగి కూర్చుంది. బాపు దాని తోక పట్టుకుని లాగాడు. అది కదిలితే కదా! దాంతో పాటే బాపు కూడా బురదలో కూలబడ్డాడు. మాకు మిగిలింది ఒకటే దారి. నేనూ సిపాయి బురదలో బోర్లా పడుకున్నాం.

గొంగడి నెత్తిమీదికి లాక్కుని, కెమెరాను బురద గట్టు మీద నిలబెట్టాను. నవ్వు ఆపుకోలేక నా కడుపు నొప్పి పుడుతోంది. వెనక ఎండ పడుతోంది. ఫోటోకు అదే మంచిదని దొరసాని చెప్పేది. ఎంతసేపైందో, బాతులు గడ్డి కొరుక్కుంటూ, ఒకదాన్నొకటి గదమాయించుకుంటూ, మా వైపే నడిచి వచ్చాయి. ముందున్నది ఆగి, తల పక్కకు తిప్పి, ఒక కన్నుతో మమ్మల్ని చూసింది. ఎన్నిసార్లు చూసి ఉంటానో వాటిని. అంత దగ్గరగా చూడడం నాకూ అదే మొదటిసారి. కన్ను గోధుమ రంగులో ఉంది. తల వెనక చారలు కాటుకతో దిద్దినట్టున్నాయి. మెడ పక్కన తెల్లటి గీత ఒకటి కిందిదాకా జారింది. డబ్బా వాయించి తరిమినన్నాళ్లూ ఇదేదీ నా కంటపడలేదు.

పక్కన సిపాయి ఊపిరి తీయడం మానేశాడు. చూస్తే అతని చెంపల మీద బురద చారలు కడుతూ కన్నీళ్లు కారుతున్నాయి, నోరు మాత్రం చెవుల దాకా నవ్వుతోంది.

"తియ్, బహినీ," అని గుసగుసగా అన్నాడు.

నొక్కాను. చిన్న టిక్కుమన్న చప్పుడుకు బాతు మెడ నిలబెట్టింది. రీలు తిప్పి మళ్లీ నొక్కాను. మూడోసారి నొక్కబోతుంటే బర్రె ముక్కులోంచి బుస్సుమని ఊదింది. బాతులన్నీ రెక్కలు విప్పి లేచాయి. ఆ గాలి మా మొహాల మీద కొట్టింది. లేస్తున్న వాటిని కూడా ఒకటి తీశాను. సిపాయి గొంగడి విసిరేసి లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, వాళ్ల భాషలో ఏదో గట్టిగా అరిచాడు. కట్టమీది జనం కూడా అరిచారు. ఎవరికి ఏం అర్థమైందో గానీ అందరూ అరిచారు.

"ఏమన్నవ్?" అని అడిగాడు బాపు, బురదలోంచి లేస్తూ.

"దారిలో మా ఇంటి మీదుగా పొమ్మన్నాను," అన్నాడతను.

మిగిలిన ఒక్క ఫోటో బాతులకే ఉంచుదామన్నాను. సిపాయి ఒప్పుకోలేదు. బాతుల మొహం ఎవరు చూపించారో కూడా వాళ్లమ్మకు తెలియాలన్నాడు. అలా బురద కారుతున్న బాపును, కట్ట దిగి వచ్చి కొంగు సర్దుకుంటున్న అమ్మను, మధ్యలో మళ్లీ గొంగడి కప్పుకున్న సిపాయిని నిలబెట్టి, ఆ చివరి ఫోటో తీశాను.

రీలు కడిగించాలంటే పట్నం పోవాలి. రెండు రోజుల తర్వాత కెమెరాను గుడ్డలో చుట్టి ఒడిలో పెట్టుకుని బాపుతో బస్సెక్కాను. మీర్‌పేట దగ్గర మిలిటరీ వాళ్లు బస్సు ఆపి అందరినీ దింపారు. సంచులు, మూటలు విప్పి చూస్తున్నారు. ఒక జవాను నా ఒడిలో మూట విప్పి కెమెరా బయటికి తీశాడు. అటూ ఇటూ తిప్పి చూసి, వెనక తలుపు తెరవడానికి గోరు పెట్టాడు. వెలుతురు పడితే అంతా పోతుంది. నాకు హిందుస్తానీ, తెలుగు అన్నీ కలిసిపోయాయి.

"తెరవకు! లోపల బాతులున్నయ్!" అని అరిచాను.

జవాను చెయ్యి ఆగిపోయింది. కెమెరాను చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఎన్ని బాతులు?" అని అడిగాడు. వెనకాల ఇంకో జవాను పడీ పడీ నవ్వుతున్నాడు. బాపు చేతులు జోడించి కథంతా చెప్పుకొచ్చాడు. నేపాల్, అమ్మ, బర్రె, బురద, అన్నీ. బస్సులో వాళ్లంతా చుట్టూ మూగి విన్నారు. చివరికి ఆ జవాను కెమెరాను రెండు చేతులతో, పసిపిల్లను ఇచ్చినట్టు, నా చేతికిచ్చాడు. "భద్రంగా తీసుకుపో. ఎగిరిపోతాయేమో," అన్నాడు.

పట్నంలో స్టూడియో ఆయన రీలు కడిగి తీసి, దీపం ముందు పట్టి చూసి, బాతులు జొన్నగింజలంత ఉన్నాయన్నాడు. నా మొహం వాడిపోయింది. ఆయనే మళ్లీ, "ఉండమ్మా, పెద్దది చేసి చూద్దాం," అని చీకటి గదిలోకి పోయాడు. బాపు నేను బయట బల్లమీద, ఆపరేషను గది ముందు కూర్చున్నట్టు కూర్చున్నాం. చాలాసేపటికి తడి కాగితం ఒకటి వేళ్లతో పట్టుకుని వచ్చాడు. పోస్టుకార్డు కంటే కాస్త పెద్దది. అందులో ఒక మూల బర్రె కొమ్ము పడింది. మధ్యలో మూడు బాతులు. రెండు తల దించుకుని ఉన్నాయి. ఒకటి మాత్రం మెడ నిలబెట్టి, పక్కకు తిరిగి, కన్నుతో సహా, చారలతో సహా నిలబడి ఉంది.

"అబ్బ," అన్నాడు బాపు. "మస్తుగొచ్చింది బిడ్డా. మాట్లాడేతట్టే ఉన్నది."

మావాళ్లున్న చివరి ఫోటో కూడా వేయించుకుని మేము ఊరు చేరేసరికి సిపాయి బస్సు ఆగే చోటే నిలబడి ఉన్నాడు. పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నాడని హోటల్ ఆయన చెప్పాడు. బాతుల ఫోటో చేతికిస్తే చేతులు చొక్కాకు తుడుచుకుని పట్టుకున్నాడు.  తర్వాత వేలితో ఆ రెండు చారల మీద, తాకీ తాకనట్టు రాశాడు. ఆ సాయంత్రం డేరాలన్నిటిలో ఆ ఫోటో తిరిగింది. వాళ్ల సిపాయిల్లో ఇంకా ఎంతమందికో అవి తెలుసట, అందరూ పైన పోతుంటే విన్నవాళ్లే. ఆఫీసరు కూడా అడిగి తెప్పించుకుని చూశాడట. డేరాలు ఎక్కడా పడలేదని మెచ్చుకున్నాడట కూడా.

ఉగాది దాటాక ఒక పొద్దున చెరువు మీద బాతులు లేవు. బాపు వచ్చి చెప్పాడు. అమ్మ పెసర చేను దాకా పోయి చూసి వచ్చి, "పీడ పోయింది," అంది. కానీ ఆ రోజంతా రెండు మూడుసార్లు వాకిట్లోకి వచ్చి ఉత్తరం దిక్కు చూడడం నేను గమనించాను.

ఎండలు ముదిరాక సిపాయికి సెలవు దొరికింది. ఫోటోలను పంపడం మానేసి తానే తీసుకుపోయాడు. మళ్లీ వస్తాడని మేం అనుకోలేదు. వానలు వెనకబట్టాక ఒకరోజు వాకిట్లో "ఆమా!" అని పిలుపు. కాస్త చిక్కాడు. మొహం మాత్రం అలాగే గుండ్రంగా నవ్వుతోంది. అమ్మ అతన్ని కూర్చోబెట్టి నీళ్లిచ్చి, ఊపిరి కూడా తిప్పుకోనివ్వకుండా అడిగింది.

"మీ అమ్మ ఏమన్నది, గది చెప్పు ముందు."

వాళ్లమ్మ బాతుల ఫోటో పట్టుకుని వెలుతురులోకి పోయిందట. ఇటు తిప్పి అటు తిప్పి చూసిందట. ఊరి ఆడవాళ్లంతా వచ్చి చూశారట. చివరికి వాళ్లమ్మ, "ఇంత లావుగా ఉంటాయా? అంత ఎత్తుకు ఎట్లా ఎగురుతున్నాయిరా?" అందట. తర్వాత మావాళ్లున్న ఫోటో చేతిలోకి తీసుకుని, మా అమ్మను వేలితో చూపించి, "ఈమెకు ఆ బాతులంటే కోపమున్నట్టుందే?" అని అడిగిందట.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. బాపు నవ్వు ఆపలేక దగ్గు తెచ్చుకున్నాడు.

అప్పుడు సిపాయి భుజాన ఉన్న సంచీ విప్పి, వాళ్లమ్మ మా ఇంటికి పంపిన గుడ్డ మూట అమ్మ ముందు పెట్టాడు. లోపల గుండ్రంగా, గోధుమ రంగులో, ముడతలు ముడతలుగా ఉన్న కాయలు.

"గివేంది, రాళ్లా?" అంది అమ్మ.

ఆక్రోట్లని చెప్పాడు. మా ఇంట్లో ఎవరం అంతకుముందు చూడలేదు. అతను రెండు కాయలు ఒక పిడికిట్లో పెట్టి నొక్కితే పటుక్కున పగిలాయి. బాపు కూడా అలాగే పట్టుకుని నొక్కాడు, మొహం ఎర్రబడింది గానీ కాయ కదల్లేదు. అమ్మ లోపలికి పోయి రోకలి తెచ్చి ఒక్క దెబ్బ వేసింది. పెంకులు అరుగంతా చెల్లాచెదురయ్యాయి. అందరం నేలమీద వంగి పప్పు ఏరుకున్నాం. అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలింది. మేమంతా ఆమె మొహమే చూస్తున్నాం.

"మన పల్లీలే నయం," అంది. అని, ఇంకో నాలుగు కాయలు తన ముందరికి జరుపుకుని రోకలి ఎత్తింది.